నేల మీద పరిచిన సినిమా

నల్లగొండలో పొట్టి సినిమాల పండుగ పెడుతున్నామని, న్యాయనిర్ణేతగా కూర్చోవాలని అడగడానికి కొందరు యువకులు మా కాలేజీ స్టాఫ్ రూముకు వచ్చినప్పుడు మొదట వద్దనే అన్నాను. నేను తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషిని. సినిమాల మీద అప్పుడప్పుడు పత్రికలకు వ్యాసాలు రాసిన మాట నిజమే కానీ కెమెరా చేత్తో పట్టుకున్నది లేదు. వాళ్లలో పెద్దవాడిలా కనిపించినతను ఒక ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం చేస్తాడట. పండుగ నిర్వహణంతా అతని తల మీదే ఉంది. కెమెరా సంగతి, కూర్పు సంగతి చూడటానికి వేరేవాళ్లు ఉన్నారని, నేను చూసి నా మనసుకు ఎట్లా అనిపించిందో చెబితే చాలని అతను బతిమాలాడు. తెలంగాణ వచ్చి అప్పటికి కొన్నేళ్లయింది. జిల్లాలో ఇంతమంది సినిమాలు తీస్తున్నారా అన్న ఆశ్చర్యమే చివరికి నన్ను ఒప్పించింది.

మేం ముగ్గురం. ఒకరు హైదరాబాదులో పేరున్న ఛాయాగ్రాహకుడు. మహబూబ్‌నగర్ వైపు పల్లెలో పుట్టినవాడు, నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. రెండో ఆయన నల్లగొండలోనే ఫొటో స్టూడియో నడిపిన పెద్దమనిషి. సగం ఊరి పెళ్లిళ్లు ఆయన కెమెరాలోంచే వచ్చాయంటారు. ఇక నేను.

పండుగ జరిగింది ఒక ఫంక్షన్ హాల్లో. పెళ్లి వేదిక మీద, వధూవరులు కూర్చునే సింహాసనాలను పక్కకు జరిపి, ఎత్తున తెర కట్టారు. కిటికీలకు నల్లగుడ్డలు. టెంట్ హౌస్ నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు. ఫ్యాన్ల చప్పుడులో సగం మాటలు కొట్టుకుపోయేవి. మొదటిరోజు పొద్దున నేను వెళ్లేసరికి ముందు వరుసల్లో మాత్రమే మనుషులున్నారు. మధ్యాహ్నానికి నిలబడటానికి కూడా చోటు లేదు.

ఆ రోజు మొదటి సినిమాలో ఒక తల్లి, కొడుకు తలుపు దగ్గర నిలబడితే, "ఏమయింది బిడ్డా, గట్లున్నవ్" అని అడిగింది. అంతే. ఆ ఒక్క మాటకు నేను కుర్చీలో ముందుకు జరిగాను. మాది ఆలేరు. బాపు, అంటే మా నాన్న, రైలు పట్టాల మీద పనిచేసే గ్యాంగ్‌మన్. చిన్నప్పుడు రేకుల టాకీసులో సినిమా చూస్తుంటే, మా మాట మాట్లాడేవాడు తెర మీదికి వచ్చాడంటే నవ్వించడానికో, కత్తి దుయ్యడానికో వచ్చినట్టే. జనం ఘొల్లున నవ్వేవారు, మేమూ నవ్వేవాళ్లం. ఒకసారి ఇంటికి నడిచి వస్తూ బాపు, మనం మాట్లాడితే కూడా అందరికీ గట్లనే నవ్వొస్తదా అని అమ్మను అడిగాడు. ఇప్పుడు అదే మాట పెద్ద తెర మీద, దుఃఖంతో, ప్రేమతో వినబడుతుంటే హాల్లో ఒక్కరూ నవ్వలేదు. నా పక్కన కూర్చున్న స్టూడియో పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇది నేను చూడవలసినవాటిలో మొదటిది మాత్రమేనని అప్పుడు నాకు తెలియదు.

సినిమాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కొన్ని బాగా లేవు. కొన్నింటిలో సంగీతం మాటలను మింగేసింది. కొందరు పెద్ద సినిమాల్లోని కొట్లాటలను అచ్చంగా దింపేశారు. యాదగిరిగుట్ట మెట్ల దగ్గర పూలమ్ముకునే కుటుంబం మీద ఒకటి చక్కగా వచ్చింది. ఆలేరు స్టేషన్‌లో జామకాయలమ్మే ఆడమనిషి మీద ఒక కుర్రవాడు తీసినది ఇంకొకటి వచ్చింది. ఆగకుండా పోయే రైళ్ల గాలికి ఆమె కొంగు ఎగరడం, బుట్ట మీద చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఆ కుర్రవాడు ఎంత ఓపికగా తీశాడో! అది మా ఊరు కాబట్టి నాకు పక్షపాతం ఉంటుందేమో, మిగతా ఇద్దరూ సరిచూడాలని ముందే చెప్పాను. వాళ్లకూ అదే అన్నింటికంటే నచ్చింది.

ఆ సాయంత్రం వచ్చిన పావుగంట సినిమా ఒకటి మమ్మల్ని ఇబ్బందిలో పడేసింది. తీసింది నల్లగొండ దవాఖానలో పనిచేసే ఒక నర్సు. మర్రిగూడ దగ్గరి పల్లె ఆమెది. సినిమా వాళ్ల నాయిన గురించి. అయితే నాయిన ముఖం అందులో ఎక్కడా లేదు. అసలు ఎవరి ముఖమూ లేదు. మొదటినుంచీ నేలే. నెర్రెలిచ్చిన నేల, రాళ్లు, రాలిన పత్తి, మేకల గిట్టలు, ఒక కర్ర మొన. చెప్పులేసుకున్న కాళ్లు వచ్చి ఆగుతాయి, పలకరిస్తాయి, వెళ్లిపోతాయి. చీర అంచులు, పంచె కొసలు, సైకిలు చక్రం. మధ్యమధ్య ఒక ముసలి గొంతు, ఆ కాళ్లు ఎవరివో చెబుతుంది. చివర మేకలు నీళ్లు తాగే తొట్టి వస్తుంది. మేకలు మూతులు తీసేశాక నీళ్లు నిలకడ పడి, అందులో మొగులు, పైనున్న ఆకాశమంతా, కనిపిస్తుంది. ఒక కొంగ ఆ నీళ్లలోంచి దాటిపోతుంది. అక్కడితో అయిపోయింది.

హాల్లో జనం కాస్త ఇటూ అటూ కదిలారు. ఒకటీ రెండూ చప్పట్లు అక్కడక్కడా. ఛాయాగ్రాహకుడు నా వైపు వంగి, ఫ్రేమ్ పట్టడం ఆ అమ్మాయికి తెలియలేదని, పైనున్నదంతా కోసేసిందని అన్నాడు. కెమెరాకు తక్కువ మార్కులే వేశాడు. స్టూడియో పెద్దాయన, బాగానే ఉంది కానీ ఎందుకో మెడ నొప్పి పుట్టిందన్నాడు. నాకు ఆ నీళ్లలోని ఆకాశం మనసులోంచి పోలేదు. కానీ ఎందుకు బాగుందో చెప్పమంటే నా దగ్గర మాట లేదు. కథకు మధ్యస్థంగా మార్కులు వేసి పక్కన పెట్టాను.

చివరిరోజు మధ్యాహ్నం, బహుమతులకు ముందు, ఆ నర్సు నిర్వాహకుడి దగ్గరికి వచ్చింది. వాళ్ల నాయినను తీసుకొచ్చానని, ఆ సినిమా ఆయన ఇంతవరకు చూడలేదని, ఇంకొక్కసారి వేస్తారా అని అడిగింది. ఫోనులో చూపించలేదా అని అతను అడిగితే ఆమె నవ్వింది. చూపిస్తానంటే నాయిన వద్దన్నాడట. "నలుగురు చూసేదాన్ని నలుగురిల కూసోని చూస్త" అన్నాడట.

అప్పుడు చూశాను ఆయన్ని. గుమ్మంలో, కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. నడుము దగ్గర మడత పెట్టినట్టు వంగి ఉన్నాడు. మెడ కూడా అదే వంపులో బిగుసుకుపోయింది. ముఖం నేలకు ఎదురుగా ఉంది. ఆ వైపు ఫ్లోరైడు ఉన్న బోరునీళ్లు తాగి ఎముకలు వంగిపోయినవాళ్లను నేను ఎరగనిదాన్ని కాదు. బస్సుల్లో చూశాను, దవాఖాన వరండాల్లో చూశాను. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి, పిల్లల పళ్లు తెల్లగా ఉంటున్నాయి. కానీ అప్పటికే వంగినవాళ్లు వంగినట్టే ఉన్నారు.

అందరికంటే వెనక, గోడ దగ్గర ఆయనకు కుర్చీ వేశారు. దూరంగా కూర్చుంటే తెర కింది అంచయినా చూపుకు అందుతుందని కూతురి లెక్క. నేనూ వెనక్కి వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నాను. దీపాలు ఆర్పారు. సినిమా మొదలైంది. మేకల చప్పుడు, కర్ర చప్పుడు, ఆయన గొంతు. నేను తెర వైపు కాక ఆయన వైపే చూస్తున్నాను. ఆయన తన కాలివేళ్ల వైపు చూస్తున్నాడు. తెర ఆయనకు అందలేదు. కూతురు ఒక చెయ్యి ఆయన వీపు వెనక, ఒక చెయ్యి ఛాతీ మీద పెట్టి మెల్లగా వెనక్కి వాల్చబోయింది. ఆయన పళ్లు బిగబట్టాడు. ఆమె నర్సు, వెంటనే చేతులు తీసేసింది.

"నువ్వు చూడు బిడ్డా," అన్నాడాయన మెల్లగా. "నేను ఇంటున్న."

ఆమె చూడలేదు. తల వంచుకుని కూర్చుంది. నేను లేచి ముందుకు వెళ్లి, సినిమా ఆపమని నిర్వాహకుడికి చెప్పాను. దీపాలు వేశారు. ఏమైందని జనం వెనక్కి తిరిగి చూశారు. వాళ్లకు ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. గోడ దగ్గర కూర్చున్న ఆ మనిషిని చూడగానే హాలంతా సద్దుమణిగింది. తెర కిందికి దించుదామని ఒకరు, గోడ అడుగున వేద్దామని ఒకరు అన్నారు. ఎంత దించినా ఆయన చూపు గోడ మీదికి రాదు, నేల మీదికే వస్తుంది.

స్టూడియో పెద్దాయన అప్పటికే మేడ వైపు చూస్తున్నాడు. ఆ హాలుకు పైన ఒక వసారా ఉంది, రెయిలింగుతో. తలంబ్రాలు పైనుంచి కనిపించేలా ఆయన అక్కడి నుంచే తీసేవాడట. "నేల మీదనే ఏస్తె అయిపాయె," అన్నాడు.

తర్వాత జరిగింది నేను సరిగ్గా చెప్పగలనో లేదో. ఎవరూ ఎవరికీ పని పురమాయించలేదు. కుర్చీలన్నీ గోడలకు జరిగాయి. హాలు మధ్యలో చోటు చేశారు. టెంట్ హౌస్ తెల్ల పరదాలు తెచ్చి ముడతలు లేకుండా పరిచి, అంచుల మీద చెప్పులు పెట్టారు, గాలికి లేవకుండా. వాటిని పరిచినవాళ్లలో ఆలేరు సినిమా తీసిన కుర్రవాడు ఉన్నాడు, గుట్ట సినిమావాళ్లున్నారు. ప్రొజెక్టరును మేడ మీదికి ఎక్కించారు. రెయిలింగుకు ఆనిస్తే బొమ్మ వంకరగా పడుతోంది. దాన్ని తిన్నగా కిందికి చూపించాలంటే ఎవరో ఒకరు రెయిలింగు అవతలికి చేతులు చాచి పట్టుకోవాలి. ఛాయాగ్రాహకుడు చొక్కా చేతులు మడిచి తానే పట్టుకున్నాడు. జారకుండా దానికి ఒక తువ్వాలు చుట్టి, ఆ కొస తన మణికట్టుకు కట్టుకున్నాడు.

ముసలాయన కుర్చీని పరదా అంచుకు తెచ్చి వేశారు. మిగతా జనమంతా చుట్టూ నిలబడ్డారు, బావి చుట్టూ నిలబడ్డట్టు. దీపాలు ఆరాయి.

నేల మీద నేల కనిపించింది.

రెండు రోజుల కింద చూసిన సినిమా ఇది కాదు. అప్పుడు గోడ మీద నిలబెట్టిన మట్టిని చూశాను. ఇప్పుడు ఆ నెర్రెలు మా పాదాల దగ్గరే ఉన్నాయి. మేకలు మా మధ్యలోంచి నడిచిపోయాయి. ఆయనను పలకరించడానికి వచ్చిన కాళ్లు పరదా అంచులోంచి, మాలో ఒకరు అడుగు ముందుకు వేసినట్టే, లోపలికి వచ్చి ఆగాయి. చుట్టూ చూశాను. హాల్లో అందరి తలలూ వంగి ఉన్నాయి. అందరి మెడలూ ఆయన మెడ ఎట్లా ఉందో అట్లానే ఉన్నాయి. ఆయనకు కనిపించే లోకం అదని, కూతురు ఫోనును ఆయన నుదుటి దగ్గర పట్టుకుని ఆ లోకాన్ని మాత్రమే తీసిందని, ఆయనకు కనిపించనిదేదీ మాకూ చూపించకూడదనుకుందని అప్పుడు అర్థమైంది. తల కిందికి దిగితే గానీ ఆ సినిమా కంటికి ఆనదు. పక్కనున్న ఎవరో ఆడమనిషి నా చెయ్యి పట్టుకుంది. ఎవరో ఈ రోజుకీ నాకు తెలియదు.

ఆయన మొదట కదలకుండా చూశాడు. తర్వాత కర్ర చాచి, పరదా మీద నడుస్తున్న పాదాలను ముట్టుకున్నాడు.

"గీ కాళ్లు నాయే గదా," అన్నాడు.

"నీయే నాయినా," అంది కూతురు.

ఒక మేక తప్పిపోయి పక్కకు పోతుంటే ఆయన నాలుకతో చప్పుడు చేసి పిలిచాడు. అదే క్షణంలో సినిమాలోని ఆయన గొంతు కూడా అట్లాగే పిలిచింది. మేక తిరిగి వచ్చింది. ఎవరో సన్నగా నవ్వారు, ఆయనా నవ్వాడు. నీళ్లు తాగకూడదని ఎర్రరంగు పూసిన బోరింగు దగ్గర కెమెరా కాసేపు ఆగినప్పుడు మాత్రం ఆయన చూపు తిప్పుకున్నట్టనిపించింది.

చివరికి తొట్టి వచ్చింది. నీళ్లు నిలకడ పడ్డాయి. హాలు మధ్యలో, మా అందరి కాళ్ల దగ్గర, ఆకాశం తెరుచుకుంది. అంచున నిలబడ్డవాళ్లు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేశారు, పడిపోతామేమో అన్నట్టు. కొంగ ఆ పక్క నుంచి ఈ పక్కకు దాటింది. నేను చాలా ఆకాశాలు చూశాను. దేన్నీ అంత భయంతో, అంత భక్తితో చూడలేదు.

అయిపోయాక కూడా ఎవరూ దీపాలు వేయలేదు. చప్పట్లు కొట్టలేదు. చీకట్లో ఆయన గొంతు వినబడింది.

"నేను నడిచే తొవ్వ గింతమందికి చూపిచ్చినవా బిడ్డా."

మార్కుల లెక్క చూడటానికి మమ్మల్ని పెళ్లికూతుర్ని ముస్తాబు చేసే గదిలో కూర్చోబెట్టారు. చుట్టూ అద్దాలు. ఛాయాగ్రాహకుడు చేతులు పిసుక్కుంటూ వచ్చాడు, మణికట్టు మీద తువ్వాలు ముడి ఎర్రగా దిగింది. ముందు అతనే ఒక చిక్కు లేవదీశాడు. మనం చూసి కదిలిపోయింది సినిమానా, లేక ఆ ముసలాయన అక్కడ ఉండటమా? మిగతా సినిమాలకు ఈ అవకాశం ఇవ్వలేదు కదా, ఆలేరు కుర్రవాడికి అన్యాయం చేసినట్టు కాదా? అది సరైన ప్రశ్నే. అయితే ఆయన లేకుండా చూద్దామన్నాడు స్టూడియో పెద్దాయన.

లాప్‌టాప్‌ను నేల మీద వెల్లకిలా పరిచినట్టు తెరిచి, మేం ముగ్గురం దాని చుట్టూ నిలబడ్డాం. పెద్దాయనకు మోకాళ్ల నొప్పి, గోడ పట్టుకున్నాడు. గదిలో ఆ ముసలాయన లేడు, జనం లేరు. చిన్న తెర. అయినా మళ్లీ అదే జరిగింది. నీళ్లలో ఆకాశం వచ్చేసరికి ఛాయాగ్రాహకుడు నేల మీద కూర్చుండిపోయాడు.

"అక్కా," అన్నాడు, "ఆమె ఒక్క ఫ్రేమ్ సుత తప్పు పెట్టలె. మనం గోడ మీద చూసినం గద, గదే తప్పు."

మొదటి బహుమతి ఆ సినిమాకు, రెండోది ఆలేరు సినిమాకు. వేదిక మెట్లు ఆయన ఎక్కలేడు కాబట్టి మేమే కిందికి దిగాం. ఆలేరు కుర్రవాడు తన బహుమతి అందుకున్నాక ఆయన దగ్గరికి వచ్చి, పక్కన గొంతుక్కూర్చుని, కింది నుంచి ఆయన ముఖంలోకి చూస్తూ ఏదో మాట్లాడాడు. ఆ రోజు హాల్లో ఆయనతో ముఖాముఖి మాట్లాడాలంటే ఎట్లా కూర్చోవాలో కనుక్కున్నది అతనొక్కడే.

కొన్నాళ్లకు నిర్వాహకుడు ఫోన్ చేశాడు. ఆ సినిమాను వాళ్ల పల్లెలో వేయబోతున్నామని, రమ్మని. మర్రిగూడ బస్సెక్కి వెళ్లాను. దారి పొడవునా పత్తి చేన్లు, కంది చేన్లు. వానలు ఆలస్యమై మొక్కలు ఇంకా చిన్నగానే ఉన్నాయి. వాళ్ల వాడలో చర్చి ముందర వెడల్పాటి సిమెంటు గచ్చు ఉంది. దాన్ని కడిగి, తెల్లగుడ్డలు పరిచారు. పక్కింటి డాబా మీద ఈసారి వెదురుబొంగులతో గట్టిగా కట్టారు ప్రొజెక్టరును. ఎవరూ చేతులు చాచి పట్టుకోవలసిన పని లేకుండా.

పొద్దు గూకుతుండగా జనం రావడం మొదలైంది. ముందు ఆడవాళ్లు, పిల్లలు. తర్వాత ఆటోలు వచ్చాయి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి. వాటిలోంచి దిగినవాళ్లను చూసి నేను లేచి నిలబడ్డాను. అందరూ ఆయన ఈడువాళ్లే. కొందరు ఆయనలాగే వంగినవాళ్లు, కొందరు మోకాళ్లు చాచలేనివాళ్లు, ఒకరిద్దరిని మనవలు ఎత్తుకుని తెచ్చారు. తాము ఏ సినిమాకైనా పోయి ఏళ్లయిందని, పోతే మాత్రం ఏం కనవడతదని ఒకామె నాతో అంది. నేల మీద వేస్తారటని ఎవరో చెబితే నమ్మక, చూద్దామని వచ్చిందట. గచ్చు చుట్టూ మొదటి వరుస వాళ్లది. నిటారుగా ఉన్నవాళ్లమంతా వెనక నిలబడ్డాం.

సినిమా నడుస్తుంటే వాళ్లు ఊరుకోలేదు. కాళ్లను చూసి మనుషులను గుర్తుపట్టడంలో ఒకరికొకరు పోటీ పడ్డారు. ఆ నర్సు వాళ్ల నాయిన పక్కన కింద కూర్చుని, ఆ మాటలన్నీ వింటూ ఉంది. నీళ్ల తొట్టి వచ్చేసరికి మాత్రం మాటలు ఆగాయి. చీకటిపడ్డ వాడ మధ్యలో పగటి మొగులు వెలిగింది. ఆ వెలుతురు కింది నుంచి వాళ్ల ముఖాల మీద పడింది. అంతవరకు నాకు వాళ్ల తలల వెనక భాగాలే తెలుసు. ఇప్పుడు ప్రతి ముఖమూ, ప్రతి ముడతా, తెరిచిన నోళ్లూ కనిపించాయి.

కొంగ దాటిపోయింది. వెలుతురు ఆరిపోయింది. ఆటోలో వచ్చిన ఒక అవ్వ, ఎవరిని అడగాలో తెలియక, చీకటినే అడిగినట్టు అడిగింది.

"జర గా మొగులు మల్లొకసారి ఏస్తరా అయ్యా."

డాబా మీద ఉన్నవాళ్లు మళ్లీ వేశారు.